రుగులోప్టెరిక్స్ ఒకమురే
జపాన్, కొరియా, చైనా తీరాలకు చెందిన గోధుమరంగు సముద్రపు నాచు. ఐరోపాలో 2002లో ఫ్రాన్స్‌లోని థో ఉప్పునీటి సరస్సులో కనిపించింది. 2015లో జిబ్రాల్టర్ జలసంధి పక్కనున్న సెయుతాను ముంచెత్తింది. ఆ ఒక్క ఏడాదే అక్కడి ఒడ్డు నుంచి 5,000 టన్నులకు పైగా ఎత్తిపోశారు. వలలకు చుట్టుకుని జాలరుల పొట్ట కొడుతోంది.

మేసే జీవుల నుంచి కాపాడుకోవడానికి ఇది టెర్పీన్ జాతి రసాయనాలను తయారుచేసుకుంటుంది. వాటిలో ముఖ్యమైనది డిల్కమురాల్. ఈ రసాయనాలు కలుపు మొక్కలనూ అణచవచ్చని కొందరు కలుపు మందుల పరిశోధకుల ఆశ. ఎండిన నాచు నుంచి ద్రావణితో సారం తీసి, అందులోని పదార్థాలను విడదీసి, విత్తనాల మొలకపై, వేళ్ల పెరుగుదలపై పరీక్షిస్తారు. పైరును వదిలి కలుపును మాత్రమే అణచగలదా అన్నదే అసలు గీటురాయి. ముడిసరుకుగా ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచునే వాడటం మేలు. నీటిలో కోస్తే తెగిన ముక్కలు మళ్లీ పెరిగి విస్తరిస్తాయి.