వుజూ ఎన్నిసార్లు చేసినా అనుమానం తీరడం లేదా? ఓసీడీ గురించి ప్రతి ఇంట్లో తెలియాల్సిన విషయాలు

ఫజర్‌కు లేచిన మనిషి నల్లా దగ్గర అరగంటైనా కదలరు. మోచేయి తడిసిందో లేదో, వుజూ ఉందో పోయిందో అని మళ్లీ మొదటి నుంచి చేస్తుంటారు. అది చూసి ఇంట్లో కొందరు ఎంత పరహేజ్‌గా ఉంటారో అని మెచ్చుకుంటారు. ఇంకొందరు వస్వసా అని కసురుతారు. ఇది అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, అంటే ఓసీడీ అనే జబ్బు కావచ్చని చాలామందికి తట్టదు. దీనికి మంచి చికిత్స ఉంది.

ఓసీడీ అంటే ఏమిటి?

ఇందులో రెండు భాగాలుంటాయి. మొదటిది, వద్దన్నా పదేపదే వచ్చి భయపెట్టే ఆలోచన. రెండోది, ఆ భయం తగ్గడానికి మళ్లీ మళ్లీ చేసే పని. చేతులు కడగడం, గ్యాస్, తాళం చూసుకోవడం, లెక్కపెట్టడం, వస్తువులు సరిగ్గా సర్దడం అందరూ చూసే లక్షణాలు. ముస్లిం ఇళ్లలో ఇది పాకీ-నాపాకీ, గుసుల్, నియ్యత్, రకాత్‌ల లెక్క రూపంలో కూడా వస్తుంది.

కొందరికి నమాజ్‌లోనే అల్లాహ్ గురించి చెడు ఆలోచనలు వస్తాయి. ఈమాన్ పోయిందేమో అని లోలోపల కుమిలిపోతారు. కాన్పు అయిన కొత్తలో కొందరు తల్లులకు బిడ్డకు తమ చేత్తో హాని జరుగుతుందేమో అన్న ఆలోచన వస్తుంది. ఇవి వాళ్ల కోరికలు కావు. ఇష్టం లేదు కాబట్టే అంత భయపడతారు. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేక ఏళ్ల తరబడి దాచుకునేవాళ్లు ఎక్కువ.

అనుమానం ఎవరికైనా వస్తుంది. అయితే ఈ ఆలోచనలు, పనులకు రోజుకు గంటకు పైగా పోతున్నా, చదువు, ఉద్యోగం, ఇంటి పని దెబ్బతింటున్నా డాక్టర్‌కు చూపించాలి. ఈ జబ్బు ఎక్కువగా టీనేజ్‌లో, ఇరవైల్లో మొదలవుతుంది.

ఒత్తిడి జబ్బులు వేరు

టెన్షన్ వల్ల వచ్చిందిలే అని అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 జాబితాలో ఓసీడీ ఒక గుంపులో, ఒత్తిడి వల్ల వచ్చే జబ్బులు మరో గుంపులో ఉన్నాయి. రెండో గుంపులోని జబ్బులకు వెనుక ఒక సంఘటన ఉంటుంది. ప్రమాదం, దాడి లాంటివి చూసినవాళ్లకు ఆ దృశ్యం మళ్లీ కళ్ల ముందు జరుగుతున్నట్టు అనిపిస్తే అది పీటీఎస్‌డీ కావచ్చు. ఉద్యోగం పోవడం, తలాక్, అప్పులు వంటివాటి తర్వాత మనిషి తేరుకోలేకపోతే అది అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ కావచ్చు. ఓసీడీకి అలాంటి సంఘటన ఉండి తీరాలని లేదు. ఒత్తిడి మాత్రం దాన్ని పెంచుతుంది.

ఇంట్లోవాళ్లు తెలియక చేసే పని

"అమ్మీ, నా దుప్పటి పాక్‌గానే ఉందా?" అని పిల్ల అడుగుతుంది. ఉందమ్మా అంటే నెమ్మదిస్తుంది. పది నిమిషాలకు మళ్లీ అడుగుతుంది. ప్రేమతో ఇచ్చే ఆ జవాబే జబ్బుకు మేత అవుతుంది. అనుమానం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు భరోసా ఇస్తే తప్ప మనసు నిలవని అలవాటు పడుతుంది. ఆమె కోసం బట్టలు రెండోసారి ఉతికిపెట్టడం కూడా అలాంటిదే. అలాగని ఒక్కసారిగా మానేసి తిట్టకూడదు. థెరపిస్ట్ సలహాతో మెల్లగా తగ్గించాలి.

చికిత్స ఎలా ఉంటుంది?

ఈఆర్‌పీ అనే థెరపీలో భయపెట్టే పరిస్థితిని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, ఆ పనిని మళ్లీ చేయకుండా ఉండటం నేర్పిస్తారు. ఉదాహరణకు వుజూ ఒక్కసారే చేసి, అనుమానం ఉన్నా నమాజ్‌కు నిలబడటం. మొదట గాబరా పెరుగుతుంది, సాధన చేస్తూ పోతే తగ్గుతుంది. ఇక్కడ దీన్ అడ్డు రాదు. అనుమానంతో యకీన్ పోదన్నది ఫిఖ్‌లో పేరున్న సూత్రమే. అందుకే ఒకే ఆలిమ్ మాట మీద నిలబడటం మంచిది. జవాబు కోసం నలుగురిని అడుగుతూ పోవడం కూడా జబ్బులో భాగమే.

మందుల్లో ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ వంటివి డాక్టర్లు రాస్తారు. ఇవి నిద్రమాత్రలు కావు. ఫలితం పూర్తిగా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు. రెండు వారాలకే గుణం లేదని మానేయకూడదు. బాగున్నాక ఆపాలన్నా డాక్టర్‌ను అడిగే ఆపాలి.

మన చరిత్రలోనూ ఉంది

తొమ్మిదో శతాబ్దంలో పుట్టిన అబూ జైద్ అల్-బల్ఖీ అనే ముస్లిం పండితుడు శరీరం, మనసుల ఆరోగ్యంపై రాసిన గ్రంథంలో వస్వాస్‌ను మనసుకు వచ్చే జబ్బుల్లో ఒకటిగా చేర్చి, దాని చికిత్స గురించీ రాశారు. దువా చేస్తూ దవా తీసుకోవడం కొత్త సంగతేమీ కాదు.

ఎక్కడికి వెళ్లాలి?

కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు 24 గంటలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ ఉర్దూలోనూ మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంతో పాటు బోధనాసుపత్రుల సైకియాట్రీ ఓపీల్లోనూ చూస్తారు. ఖర్చు గురించి ఇంకో మాట: శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది. పాలసీ కాగితం ఒకసారి చూసుకోండి. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ఆ రోజే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి.