పరాయి సముద్రపు చేప

నెవార్క్‌లో ప్రాజెక్టు చేస్తున్న రోజుల్లో మధ్యాహ్నం పూట ఫెర్రీ స్ట్రీట్ వైపు నడిచేవాణ్ణి. అక్కడ పోర్చుగీసు వాళ్ళ దుకాణాలు ఎక్కువ. ఒకరోజు ఒక కొట్లో అడుగుపెట్టగానే మా బందరు ఎండుచేపల వాసన! చెక్కముక్కల్లా బిగుసుకుపోయిన ఉప్పుచేపలు గుట్టగా పేర్చి ఉన్నాయి. వాళ్ళు దీన్ని బకల్యావ్ అంటారు. "మా దేశపు చేప" అన్నాడు కొట్టతను గర్వంగా.

తీరా చదివితే, ఆ కాడ్ చేప పోర్చుగల్ తీరంలో దొరికేదే కాదు! అది చలి సముద్రాల్లో బతుకుతుంది. 1500 ప్రాంతంలో న్యూఫౌండ్‌లాండ్ దారి తెలిశాక వాళ్ళకి అలవాటయింది. కొవ్వు తక్కువ కనుక ఉప్పేసి ఎండబెడితే నెలల తరబడి నిలవ ఉంటుంది. పైగా కాథలిక్కులకి మాంసం ముట్టకూడని రోజులు బోలెడు. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళు ఎక్కువగా ఇంగ్లీషు వర్తకుల దగ్గర కొనుక్కునే తిన్నారు.

1934 నుంచి సలజార్ ప్రభుత్వం, మన చేప మనమే పట్టుకుందామంటూ ఓడల్ని పంపింది. ఆ ఓడల్లో ఒకటైన గజేలా ఫిలడెల్ఫియాకి చేరిందని చదివాను. అది 1969 దాకా చేపలవేటకి వెళ్ళిందట. వేట పద్ధతి తెలిశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఓడ నుంచి చిన్న చిన్న డోరీ పడవలు దింపేవారు. పడవకి ఒక్కడే మనిషి. మంచులో ఓడ కనబడక తిరిగిరాని వాళ్ళు ఎందరో. ఏటా ఆర్నెల్లు ఇంటి మొహం చూసే వీల్లేదు. కొన్నేళ్ళు ఆ పని చేస్తే సైనిక సేవ తప్పేది కాబట్టి కుర్రాళ్ళు వెళ్ళేవాళ్ళు. క్లయింటు ఊళ్ళో వారానికి నాలుగు రాత్రులు హోటల్లో పడుకుని ఇంటి బెంగ అనుకునే నేను, ఇక ఆ మాట ఎత్తలేదు.

1992లో కెనడా అక్కడ కాడ్ వేట ఆపేసింది. ఇప్పుడు ఆ చేప ఎక్కువగా నార్వే, ఐస్‌లాండ్‌ల నుంచి వస్తుంది. అయినా క్రిస్మస్ ముందురోజు రాత్రి పోర్చుగీసు ఇళ్ళలో అదే ఉండాలి: ఉడికించిన చేప, బంగాళాదుంపలు, క్యాబేజీ, గుడ్లు, పైన వెల్లుల్లి వేసిన ఆలివ్ నూనె.

నేనూ ఓ ముక్క కొన్నాను. రెండు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టాను. మా ఆవిడ దానికి చింతపండు పులుసు పెట్టి గుప్పెడు పచ్చిమిరపకాయలు వేసింది. "వాళ్ళు అంత కారం తినరు" అన్నాను. "మిరపకాయ మన దేశానికి తెచ్చింది కూడా వాళ్ళేనట, అమెరికా ఖండం నుంచి."

"ఎవరు తెస్తే ఏం, మనదేగా" అంది గరిటె తిప్పుతూ.