రెండవ అల్బెర్టో అజ్జో: జీవితం, సంతతి, వంశచరిత్రకు ఆధారాలు

ఉపోద్ఘాతం

ఒక వంశానికి మూలపురుషుడు రెండు విధాలుగా ఏర్పడతాడు. తన కాలంలో సంపాదించిన భూమి, అధికారం, బంధుత్వాల వల్ల కొంత. తరువాతి తరాలవారు తమ హక్కుల కోసం ఆయన పేరును స్మరించడం వల్ల మరికొంత. ఈ రెండింటినీ వేరు చేసి చూడడం వంశచరిత్ర పరిశోధనలో మొదటి మెట్టు. 11వ శతాబ్దానికి చెందిన ఉత్తర ఇటలీ ప్రభువు రెండవ అల్బెర్టో అజ్జో ఇందుకు చక్కని ఉదాహరణ. ఆయన ఏ దేశానికీ రాజు కాడు. అయినా ఇటలీలోని ఎస్తె వంశానికి, జర్మనీలోని వెల్ఫ్ వంశపు రెండవ శాఖకు, ఆ శాఖ ద్వారా 1714 నుంచి బ్రిటన్‌ను ఏలిన హానోవర్ రాజులకు పితృపరంపరలో ఆయనే మూలపురుషుడు. ఆయన జీవితాన్ని, సంతతి విస్తరించిన తీరును, ఆ సంబంధం ఋజువైన విధానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వంశం, భూములు

అజ్జో పూర్వులను చరిత్రకారులు ఒబెర్తెంఘి వంశీయులని వ్యవహరిస్తారు. 10వ శతాబ్దంలో మొదటి ఒట్టో చక్రవర్తి కొలువులో ఉన్నత పదవి నిర్వహించిన ఒబెర్తో పేరు మీదుగా ఆ వ్యవహారం ఏర్పడింది. మిలన్, జెనోవా, తోర్తోనా, లూనీ ప్రాంతాలలో ఈ కుటుంబానికి అధికారం ఉండేది. సరిహద్దు మండలాలను పాలించే అధికారికి ‘మార్‌గ్రేవ్’ అనే బిరుదు ఉండేది. తండ్రి మొదటి అల్బెర్టో అజ్జో 1029లో మరణించగా ఆ బిరుదు కుమారుడికి సంక్రమించింది.

ఆ కాలంలో ఉత్తర ఇటలీ నగరాలు బలపడుతున్నాయి. మిలన్ వంటి పట్టణాలలో మార్‌గ్రేవుల పలుకుబడి క్రమంగా తగ్గుతూ వచ్చింది. అజ్జో తన దృష్టిని తూర్పున పాదువాకు నైరుతి దిశలో ఉన్న ఎస్తె వైపు మళ్ళించాడు. అక్కడ కోట నిర్మించి స్థిరపడ్డాడు. పదవి వల్ల వచ్చిన అధికారం సడలుతున్నప్పుడు, సొంత భూమిని ఆధారం చేసుకొని ఒక ఇంటిపేరును నిలబెట్టుకోవడం ఇందులో కనిపిస్తుంది. ‘ఎస్తె’ అనే ఊరి పేరే కాలక్రమంలో ఆ వంశనామమైంది.

మూడు వివాహాలు

అజ్జో సంతతి చరిత్రను నిర్ణయించినవి ఆయన చేసిన యుద్ధాల కంటే ఆయన వివాహాలే. మొదటి భార్య కునిగుండె దక్షిణ జర్మనీలోని వెల్ఫ్ కుటుంబపు ఆడపడుచు. ఆమె సోదరుడు మూడవ వెల్ఫ్ కరింథియాకు డ్యూక్. ఆయన 1055లో నిస్సంతుగా మరణిస్తూ తన ఆస్తిని వైన్‌గార్టెన్ మఠానికి రాసిచ్చాడు. ఆ వీలునామా అమలై ఉంటే వెల్ఫ్ పేరు అక్కడితో అంతరించేది. అయితే ఆయన తల్లి ఇమిజా దానికి అంగీకరించలేదు. ఇటలీలో ఉన్న తన కూతురి కొడుకును పిలిపించి వారసత్వాన్ని అప్పగించింది. ఆ దౌహిత్రుడే నాలుగవ వెల్ఫ్. తండ్రి ఇటలీ ప్రభువైనా, ఆయన మాతామహుల పేరును, భూములను స్వీకరించి జర్మన్ ప్రభువయ్యాడు. 1070లో బవేరియా డ్యూక్ పదవి పొందాడు. పితృపరంపరగా ప్రసిద్ధమైన ఈ వంశానికి పేరును, సంపదను ఇచ్చింది కునిగుండె పుట్టిల్లు. వాటిని నిలిపింది ఇమిజా నిర్ణయం.

రెండవ భార్య గార్సెండ ఫ్రాన్స్‌లోని మేన్ మండలాధిపతుల ఆడపడుచు. ఆమెకు ఫుల్కో, ఊగో అనే కుమారులు కలిగారు. మేన్ ప్రజలు 1069లో ఇంగ్లండ్ విజేత విలియం అధికారాన్ని తిరస్కరించి, గార్సెండ హక్కును పురస్కరించుకొని అజ్జోను ఆహ్వానించారు. ఆయన అక్కడికి వెళ్ళాడు కానీ నిలవలేదు. భార్యను, బాలుడైన ఊగోను అక్కడే ఉంచి ఇటలీకి తిరిగివచ్చాడు. విలియం 1073లో మేన్‌ను మళ్ళీ లోబరచుకున్నాడు. తరువాత ఊగో మరోసారి అక్కడికి వెళ్ళినా, చివరకు తన హక్కును బంధువైన ఎలీకి అమ్మివేశాడు. వివాహం ద్వారా వచ్చిన హక్కు జర్మనీలో ఫలించి ఫ్రాన్స్‌లో విఫలం కావడం గమనార్హం. దక్షిణ జర్మనీలో వారసత్వాన్ని పట్టుదలతో కాపాడిన ఇమిజా ఉంది. మేన్‌లో విలియం వంటి ప్రబలుడైన ప్రత్యర్థి ఉన్నాడు.

మూడవ భార్య మతిల్డా పావియా బిషప్ సోదరి. ఆ దంపతుల మధ్య రక్తసంబంధం ఉందన్న కారణంతో పోప్ ఏడవ గ్రెగరీ 1074లో ఈ వివాహానికి అభ్యంతరం తెలిపాడు. ఆ యుగంలో వంశవృక్షం మతాధికారుల చేతిలో కూడా ఒక సాధనమని ఈ ఉదంతం తెలియజేస్తుంది.

కనోస్సా

1077 జనవరిలో నాలుగవ హెన్రీ కనోస్సా కోట వద్ద మంచులో నిలిచి గ్రెగరీ క్షమాభిక్ష కోరిన ఘట్టం మధ్యయుగ ఐరోపా చరిత్రలో సుప్రసిద్ధం. ఆ సంధిప్రయత్నంలో టస్కనీ మతిల్డా, క్లూనీ మఠాధిపతి హ్యూ, ట్యూరిన్ అడిలేడ్‌లతో పాటు అజ్జో కూడా మధ్యవర్తిగా ఉన్నట్లు సమకాలిక చరిత్రకారుడు లాంబెర్ట్ పేర్కొన్నాడు. వివాహం విషయంలో తనను తప్పుపట్టిన పోప్‌కూ, తన భూములపై సార్వభౌముడైన రాజుకూ నడుమ మాట సాగించగల స్థానం ఆయనకు ఉండేదన్నమాట.

అజ్జో 1097లో మరణించాడు. అప్పటికి ఆయన నూరేళ్ళు దాటినవాడని సమకాలికుడు బెర్నోల్డ్ రాశాడు. ఆయన జననం 1009 ప్రాంతంలోనని పలువురు ఆధునిక చరిత్రకారుల అంచనా. ఆ లెక్కన ఆయుర్దాయం తొంభైకి లోపే. దీర్ఘాయువు పూర్వుల గౌరవ చిహ్నంగా పెరిగి కనిపించడం వంశగాథలలో అరుదు కాదు.

రెండు శాఖలు

తండ్రి మరణించగానే ఇటలీ ఆస్తి కోసం నాలుగవ వెల్ఫ్‌కూ, సవతి సోదరులకూ మధ్య పోరు మొదలైంది. వెల్ఫ్ 1101లో క్రైస్తవ ధర్మయుద్ధ యాత్ర నుంచి తిరిగి వస్తూ సైప్రస్‌లో మరణించాడు. ఇటలీలో ఫుల్కో సంతతి నిలదొక్కుకుంది.

జర్మన్ శాఖలో వెల్ఫ్ మునిమనుమడు సింహ హెన్రీ సాక్సనీ, బవేరియాలను ఏలి, 1180లో రెంటినీ కోల్పోయాడు. ఆయన కుమారుడు నాలుగవ ఒట్టో 1209లో చక్రవర్తిగా అభిషిక్తుడయ్యాడు. 1235లో ఏర్పడిన బ్రున్స్‌విక్–లూనెబుర్గ్ డ్యూక్ రాజ్యం నుంచే కాలక్రమంలో హానోవర్ పాలకులు వచ్చారు. ఇటలీ రాజకీయాలలో పోప్ పక్షానికి స్థిరపడిన ‘గ్వెల్ఫ్’ అనే పేరు కూడా వెల్ఫ్ నామానికి రూపాంతరమే.

ఇటాలియన్ శాఖ 1264 నుంచి ఫెరారాను పాలించింది. బోర్సో 1452లో మోదెనాకు, 1471లో ఫెరారాకు డ్యూక్ అయ్యాడు. 1598లో ఫెరారా పోప్ అధీనమైనా మోదెనా మిగిలింది. ఈ వంశపు ఆడపడుచు మోదెనా మేరీ ఇంగ్లండ్ రాజు రెండవ జేమ్స్ భార్య. 1688 విప్లవంలో ఆ దంపతులు దేశం విడిచారు. 1714లో అదే సింహాసనం ఎక్కిన మొదటి జార్జి అజ్జో సంతతిలోని రెండవ శాఖవాడు. ఒక తండ్రి బిడ్డల వంశాలలో ఒకటి కోల్పోయిన చోటికే మరొకటి చేరింది. ఉత్తర సర్కారులు 1765లో ఈస్టిండియా కంపెనీకి దఖలుపడినప్పుడు బ్రిటన్ రాజు మూడవ జార్జి; 1858లో ఆ జిల్లాలు ఎవరి పేరిట పాలనలోకి వచ్చాయో ఆ విక్టోరియా రాణి ఆయన మనుమరాలు. తెలుగు నేల చరిత్రకూ అజ్జో సంతతికీ ఉన్న సంబంధం ఇంతవరకే.

కావ్యకల్పన, శాసనాధారం

ఎస్తె ప్రభువుల ఆస్థానంలో వంశచరిత్ర మొదట కావ్యవస్తువైంది. ఆరియోస్తో 1516లో వెలువరించిన ‘ఓర్లాందో ఫురియోసో’ కావ్యంలో రుజ్జేరో, బ్రదమాంతె అనే కల్పిత వీరులను ఆ వంశానికి ఆదిదంపతులుగా నిలిపాడు. దానికి చరిత్ర ప్రమాణం లేదు. కృతిపతి కుటుంబానికి ఔన్నత్యం చేకూర్చడమే లక్ష్యం.

17వ శతాబ్ది చివరలో దృష్టి మారింది. హానోవర్ ఆస్థానం వెల్ఫ్ చరిత్ర రచనను 1685లో తత్త్వవేత్త లైబ్‌నిజ్‌కు అప్పగించింది. ఆయన 1687 నుంచి 1690 వరకు జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీలలో గ్రంథాలయాలు, మఠాలు, దస్త్రాలు గాలించాడు. 1690లో వంగాదిజ్జా మఠంలో అజ్జో, కునిగుండెల సమాధి లేఖనాల ఆధారం లభించడంతో రెండు వంశాల సంబంధం స్థిరపడింది. మోదెనాలో గ్రంథాలయాధికారి మురతోరి ఈ కృషిని కొనసాగించి 1717లో ‘ఎస్తె వంశ ప్రాచీనాంశాలు’ మొదటి భాగాన్ని ప్రకటించాడు.

ఈ పండితులు నిష్కాములు కారు. ఒకరికి హానోవర్ ప్రతిష్ఠ, మరొకరికి పోప్‌తో సాగుతున్న కొమాక్కియో భూవివాదంలో మోదెనా పక్షం ముఖ్యం. అయినా వారు ఆధారంగా చూపినవి పత్రాలు, సమాధి లేఖనాలు. వాటిని ప్రత్యర్థి సైతం పరీక్షించవచ్చు. పోషకుడి ప్రయోజనం పరిశోధనకు ప్రేరణ కావచ్చు. నిర్ణయం మాత్రం ఆధారానిదే కావాలన్న నియమం వారి కృషిలో రూపుదిద్దుకుంది. లైబ్‌నిజ్ చరిత్ర క్రీ.శ. 1005 వద్ద ఆగిపోయింది. ఎవరి కోసం ఆ రచన మొదలైందో ఆ అజ్జో కాలానికి అది చేరనేలేదు. ఆ అసంపూర్ణ గ్రంథం 19వ శతాబ్దంలో గానీ అచ్చుకాలేదు.

ముగింపు

మోదెనా ఎస్తె పురుష సంతతి 1803లో అంతరించింది. ఆ పేరు వివాహం ద్వారా ఆస్ట్రియా రాజకుటుంబానికి చేరింది. 1914లో సరాయెవోలో హతుడైన ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ఆ పేరును ధరించినవాడే. హానోవర్‌లో స్త్రీకి సింహాసనార్హత లేనందున 1837లో విక్టోరియాకు ఆ రాజ్యం దక్కలేదు. 1866లో ప్రష్యా దాన్ని కలుపుకొంది. కూతురి కొడుకుకు దక్కిన ఆస్తితో నిలిచిన వంశం, ఎనిమిది శతాబ్దాల తరువాత కూతురికి రాజ్యం నిరాకరించడం గమనించదగ్గ వైరుధ్యం. అజ్జో వంశవృక్షాన్ని పురుష నామాలతోనే చదివితే కునిగుండె, ఇమిజా, గార్సెండల పాత్ర మరుగునపడుతుంది. వంగాదిజ్జాలో లైబ్‌నిజ్‌కు దొరికిన ఆధారంలో భర్త పేరుతో పాటు భార్య పేరు కూడా ఉంది. రెండు వంశాలను కలిపే ఋజువుకు ఆ రెండు పేర్లూ అవసరమయ్యాయి.