మన పేటకు వచ్చే ఫైరింజను ఎవరిది?

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. తీరిక చేసుకుని చదవండి.

మొన్న సభలో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, సిరిసిల్లలో మా మేనమామ ఇంటి దగ్గర ఫైర్ స్టేషన్ సర్కారుది. సోలాపూర్‌లో మహానగరపాలికది. ఎందుకిట్లా?" అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇది ఊరికే తెలుసుకునే సంగతి కూడా కాదు. మన పూర్వభాగ్‌కు దగ్గరలో ఇంకో ఫైర్ స్టేషన్ కావాలని మన సంఘం ఇచ్చిన అర్జీ గుర్తుందా? ఎనిమిది నెలలు ఒక ఆఫీసులో పడి ఉండి, చివరికి "ఇది మా పరిధిలోది కాదు" అని ఒక్క వాక్యంతో తిరిగొచ్చింది. తప్పు వాళ్లదని నేను అనను. మనం తట్టిందే వేరే తలుపు.

అందుకే చరిత్ర దగ్గర మొదలుపెడతాను.

ఇంగ్లీషువాళ్ల కాలంలో మంటలార్పడం మొదట పోలీసుల పని. బొంబాయి కోటలో 1803 ఫిబ్రవరిలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఇళ్లూ దుకాణాలూ బూడిదయ్యాయి. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఆ పని పోలీసుల చేతిలోనే ఉంది. 1887లో బొంబాయి ఫైర్ బ్రిగేడ్ మునిసిపాలిటీ కిందికి వచ్చింది. మరుసటి ఏడు వచ్చిన 1888 మునిసిపల్ చట్టం, ఫైర్ బ్రిగేడ్ నడపడం కార్పొరేషన్ తప్పనిసరి విధుల్లో ఒకటని రాసింది. రాసి ఊరుకోలేదు, డబ్బు ఎక్కడిదో కూడా చెప్పింది. ఇంటిపన్నుతో పాటు, మంటలార్పే ఖర్చు కోసం ఆస్తి విలువ మీద ఇంకొంత శాతం కలిపి వసూలు చేయవచ్చంది. అంటే ఊరి మంటను ఊరి ఇంటిపన్నుతోనే ఆర్పాలన్నది అప్పటి ఆలోచన. తర్వాత మహారాష్ట్రలో నగరపాలికలన్నీ ఆ దారినే నడిచాయి. మన సోలాపూర్ 1964లో మహానగరపాలిక అయినప్పుడు ఈ బాధ్యత దాని మీదే ఉంది.

మద్రాసు వైపు కథ వేరు. అక్కడ నగరంలో 1908లో ఫైర్ సర్వీసు మొదలైంది. పోనుపోను అది రాష్ట్రం మొత్తానికీ ఒకే శాఖ అయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు మద్రాసు పద్ధతిలో నడిచిన కోస్తా, సీమ స్టేషన్లూ, నిజాం కాలపు హైదరాబాద్ సర్వీసూ కలిసి ఒకే శాఖ కిందికి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌కు 1999లో సొంత ఫైర్ సర్వీస్ చట్టం వచ్చింది. 2014 తర్వాత తెలంగాణకు వేరే శాఖ. మన తమ్ముడి మేనమామ ఊళ్లో స్టేషన్ సర్కారుది కావడానికి కారణం ఇదే.

ఇక మన తెలుగువాళ్లు తరాలుగా స్థిరపడిన మిగతా చోట్ల చూద్దాం. తమిళనాడులో 1985 చట్టం కింద ఫైర్ అండ్ రెస్క్యూ సర్వీసెస్ రాష్ట్ర శాఖ. కర్ణాటకలో 1964 ఫైర్ ఫోర్స్ చట్టం కింద రాష్ట్ర శాఖ. బరంపురం మనవాళ్లకు ఒడిశా రాష్ట్ర ఫైర్ సర్వీసు. యానాం చుట్టూ ఆంధ్రప్రదేశ్ నేలే ఉన్నా, అక్కడి స్టేషన్ పుదుచ్చేరి ప్రభుత్వ ఫైర్ సర్వీసుది. దాని జీతాలు, బండ్లు, పోస్టుల మంజూరు అంతా వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న పుదుచ్చేరి నుంచే. సోలాపూర్, భివండీ, ముంబయి, పుణెల్లో ఉన్న మనకు మాత్రం ఊరి పాలికే దిక్కు.

మరి రాజ్యాంగం ఏమంటుంది? 74వ సవరణతో చేర్చిన 12వ షెడ్యూల్‌లో, పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 పనుల జాబితాలో 7వది అగ్నిమాపక సేవలు. అప్పగించాలా, తన దగ్గరే ఉంచుకోవాలా అన్నది రాష్ట్రం ఇష్టం. మహారాష్ట్ర, గుజరాత్‌ల్లో అది పాలికల చేతిలో ఉంది. చాలా రాష్ట్రాలు తమ దగ్గరే ఉంచుకున్నాయి. కేంద్ర హోం శాఖ సలహా ఇస్తుంది, నమూనా చట్టం పంపుతుంది. మొదటి నమూనా 1958లో, కొత్తది 2019లో పంపింది. కానీ దేశమంతటికీ ఒకే ఫైర్ సర్వీసు లేదు.

ఒక్క ఊళ్లోనే రకరకాల స్టేషన్లు ఉండటానికి కూడా కారణం ఇదే. నగరపాలిక స్టేషన్ ఒకటి. ఎం.ఐ.డి.సి. కొన్ని పారిశ్రామిక పేటల్లో సొంతంగా పెట్టుకున్న స్టేషన్లు ఇంకో రకం. విమానాశ్రయంలో ఉండేది వేరు, దాని తరగతిని అక్కడ దిగే విమానం సైజును బట్టి లెక్కిస్తారు. కేంద్ర ప్రభుత్వ పెద్ద ఫ్యాక్టరీల్లో సి.ఐ.ఎస్.ఎఫ్. ఫైర్ విభాగం ఉంటుంది. ఇంజను ఎర్రగానే ఉంటుంది, గంట ఒకేలా మోగుతుంది. దాన్ని ఎవరు కొన్నారు, డ్రైవర్‌కు జీతం ఎవరిస్తారు, ఎక్కడిదాకా వెళ్లమని ఆర్డరు ఉంది అన్నవి మాత్రం వేరువేరు.

ఊరికి ఎన్ని ఇంజన్లు ఉండాలన్న దానికి ఒక లెక్క ఉంది. 1955లో ఏర్పడ్డ స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కౌన్సిల్ చెప్పిన లెక్క ఇది: 3 లక్షల జనాభా దాకా ప్రతి 50 వేల మందికి ఒక పంపింగ్ ఇంజను, ఆపైన ప్రతి లక్షకు ఒకటి. ఫోను వచ్చాక పట్టణంలో 5 నుంచి 7 నిమిషాల్లో, పల్లెలో 20 నిమిషాల్లో బండి చేరాలి. 2011 జనగణనలో సోలాపూర్ జనాభా 9,51,558. మొదటి 3 లక్షలకు 6, మిగిలిన ఆరున్నర లక్షలకు 6 లేదా 7. మొత్తం 12, 13 ఇంజన్లు. ఇవి సలహాలే, చట్టం కాదు. అయినా అర్జీలో "మాకు ఇంకో స్టేషన్ కావాలి" అని రాసేకంటే, "లెక్క ప్రకారం ఇన్ని ఉండాలి, ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?" అని రాస్తే అవతలివాళ్లు జవాబు చెప్పక తప్పదు.

డబ్బు సంగతికి వస్తాను. రాష్ట్ర శాఖ ఉన్నచోట జీతాలూ బండ్లూ రాష్ట్ర బడ్జెట్ నుంచి వస్తాయి. పేద ఊరికీ ధనిక ఊరికీ ఒకే ఖజానా. పల్లెలకు కూడా ఎంతో కొంత అందుతుంది. కానీ నిర్ణయం రాజధానిలో జరుగుతుంది. మన దగ్గర నిర్ణయం ఊళ్లోనే జరుగుతుంది, నగరసేవకుడిని ఇంటికెళ్లి అడగొచ్చు. కానీ పాలిక దగ్గర డబ్బు లేకపోతే బండీ లేదు, భర్తీ లేదు. మహారాష్ట్రలో చాలాచోట్ల ఇంటిపన్ను బిల్లులో అగ్నిశమన కర్ అని ఒక వరుస ఉంటుంది. మొత్తం చూసి కట్టేస్తాం గానీ ఆ వరుస మీద మన కన్ను పడదు. ఈసారి బిల్లు వచ్చినప్పుడు వెతకండి.

కేంద్రం కూడా 15వ ఆర్థిక సంఘం సిఫార్సు మీద 2023లో అగ్నిమాపక సేవల విస్తరణకు 5,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. మనలాంటి రాష్ట్రాలు తమ వాటాగా 25 శాతం పెట్టుకోవాలి. ఈ డబ్బు రాష్ట్రానికి వస్తుంది, నేరుగా మన పాలికకు కాదు. రాష్ట్రం నుంచి మన ఊరిదాకా తెప్పించుకోవాలంటే పాలిక ప్రతిపాదన పంపాలి. పంపిందా లేదా అని అడగడం మన పని.

ఇదంతా కాగితాల గొడవ అనుకుంటున్నారా? భివండీ చూడండి. మన పద్మశాలి కుటుంబాలు వేలల్లో ఉన్న ఊరు. సాంచెల పేటలు నగరపాలిక హద్దులో ఉన్నాయి. పెద్ద పెద్ద గోదాములు మాత్రం చాలావరకు హద్దు బయట, గ్రామ పంచాయతీల నేలలో ఉన్నాయి. పంచాయతీకి ఫైరింజను ఎక్కడిది? అక్కడ అంటుకుంటే భివండీ నుంచీ, ఠాణే, కళ్యాణ్ వైపు నుంచీ ఇంజన్లు రావాలి. సరుకు మనది, హమాలీ మనవాడు, కాపలాదారు మనవాడు. హద్దు గీత మాత్రం ఎవరో గీశారు.

మన ఊళ్లో 2025 మే 18 తెల్లవారుజామున అక్కల్‌కోట్ రోడ్ ఎం.ఐ.డి.సి.లో టవల్ ఫ్యాక్టరీ అంటుకుని, యజమాని కుటుంబ సభ్యులూ పనివాళ్లూ కలిపి 8 మంది పోయారు. ఆ రోజు పొగ చూసినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఎవరి తప్పని నేను తీర్పు చెప్పను. కానీ నూలు, దూది, టవళ్ల మధ్య పని చేసి, అక్కడే వండుకుని, అక్కడే పడుకునే కుటుంబాలు మనలో ఇంకా ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు.

ఏప్రిల్ 14న అగ్నిమాపక దినం జరుపుతారు కదా, అది 1944లో బొంబాయి రేవులో జరిగిన పేలుడు గుర్తుగా. ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో పేలుడు సామగ్రితో పాటు పత్తి బేళ్లు కూడా ఉన్నాయి. మంటలార్పుతూ 66 మంది ఫైర్ సిబ్బంది ప్రాణాలు వదిలారు. పత్తితో బతికే మనం ఆ రోజున దగ్గరి స్టేషన్‌కు వెళ్లి ఒక దండ వేసి రావడం న్యాయం.

సంఘం ముందు మూడు మాటలు పెడుతున్నాను.

ఒకటి. కొత్త అర్జీ మహానగరపాలిక ఆయుక్తుల పేరున, అగ్నిశమన విభాగానికి నకలుతో పంపుదాం. బడ్జెట్ తయారయ్యే రోజుల్లోనే పంపాలి. బడ్జెట్ అయిపోయాక ఇచ్చిన అర్జీ మళ్లీ ఏడాది ఆగుతుంది.

రెండు. మహారాష్ట్ర 2006 అగ్నినివారణ చట్టం ప్రకారం, మంటలార్పే ఏర్పాట్లు పనిచేస్తున్నాయని లైసెన్సు ఉన్న ఏజెన్సీ దగ్గర ఏటా జనవరి, జూలైల్లో ఫారం బి తీసుకుని ఇవ్వాలి. మన కళ్యాణ మండపానికి ఆ కాగితం ఉందా? ముందు మన ఇల్లు చక్కబెట్టుకుని తర్వాత పాలికను అడుగుదాం.

మూడు. కార్ఖానా ఉన్న ప్రతివాళ్లూ తమ స్థలం ఎవరి పరిధిలో ఉందో, అక్కడికి ఏ స్టేషన్ బండి వస్తుందో కనుక్కుని, 101తో పాటు ఆ స్టేషన్ నంబరు కూడా గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. తెలుగులో, మరాఠీలో రెండింట్లోనూ.

బెంగళూరు, చెన్నై, బరంపురం, యానాంలో ఉన్న మన బంధువులు ఇది చదివితే, మీ దగ్గరి స్టేషన్‌కు మీ ఇంటి నుంచి ఎన్ని నిమిషాలో ఒక్కసారి బండి మీద వెళ్లి చూసి కింద రాయండి. సోలాపూర్ లెక్క నేను ఈ ఆదివారం చూసి వచ్చి రాస్తాను.