మిరప పూతలో నల్ల తామర పురుగు



మన పల్నాటిలో మిరప వేసే ఇంట ముడత మాట వినని పిల్లవాడుండడు. ఆకు అంచులు పైకి లేచి దోనెలాగా ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగు పని. కిందికి ముడుచుకుంటే కింది ముడత, అది నల్లి పని. ఈ గుర్తులు మన పెద్దలకు కంఠతా వచ్చినవే. అయితే 2021లో ఈ గుర్తులు చాలలేదు.

ఆ సంవత్సరం మొదట్లో చిలకలూరిపేట, యడ్లపాడు ప్రాంతాల తోటల్లో పూత మాడి రాలసాగింది. అప్పటికి ఆ ఊళ్లు గుంటూరు జిల్లాలోనివే. పల్నాడు జిల్లా ఏర్పడింది 2022లో. పూవు విప్పి చూస్తే లోపల సన్నని నల్లని పురుగులు! మనమెరిగిన తామర పురుగు ఎండుగడ్డి రంగుది, లేత ఆకుల మీద బతికేది. మరి ఇదేమిటి?

బెంగళూరులోని శాస్త్రజ్ఞులు పరీక్షించి పేరు తేల్చారు: త్రిప్స్ పార్విస్పైనస్. కార్నీ అనే శాస్త్రజ్ఞుడు థాయిలాండులో దొరికిన పురుగును చూసి 1922లోనే దీనిని వర్ణించి యున్నాడు. మన దేశంలో ఇది బెంగళూరు బొప్పాయి మీద ఉన్నట్టు 2015లో ప్రకటించారు. అంతవరకు మనకు అరుదైన ఆ పురుగు ఆరేండ్లలో మిరపకు దిగింది. 2021 చలికాలానికి ఆంధ్ర, తెలంగాణ తోటల్లో పాకిపోయింది. మందు మీద మందు కొట్టి, అప్పులపాలై, చివరకు చెట్లు పీకివేసిన రైతులున్నారు.

మందు ఎందుకు పని చేయలేదు? దాని అలవాట్లు చూడండి. గుడ్డు పెట్టేది ఆకు కండలో. పిల్లలూ పెద్దవీ ఉండేది పూవులోపల, ఆకు అడుగున. కోశస్థ దశ గడిపేది నేలలో. పైపైన చల్లిన మందు వీటికెట్లా తగులుతుంది? పైగా ఘాటు మందులు దానిని తినే మిత్ర పురుగులను ముందు చంపుతవి.

కనుక ముందు పురుగును గుర్తుపట్టండి. నాలుగు పూలు కోసి తెల్ల కాగితం మీద దులపండి. ఆడది ముదురు గోధుమ రంగులో, మిల్లీమీటరు పొడవుంటుంది. మగది ఇంకా చిన్నది, పసుపు పచ్చనిది. ఖాయంగా తేల్చేది సూక్ష్మదర్శినియే. గ్రామాల్లో తిరిగే వ్యవసాయోద్యోగులు అనుమానం కలిగితే నమూనాను లాం పరిశోధనా స్థానానికి పంపవలెను.

నీలి రంగు జిగురట్టలు కట్టండి. యూరియా అతిగా వేయకండి. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందుల జోలికి పోకండి, వాటితో ఈ పురుగు మరింత పెరుగుతుంది.

దొంగ ఎవరో తెలియకుండా కర్ర తిప్పితే ఇంట్లోవాళ్లకే తగులుతుంది గదా!