డీఎస్ఎల్ఆర్ నుంచి మిర్రర్‌లెస్‌కు: కెమెరాతో పాటు చేతి అలవాటూ మారాలి

వృత్తి ఛాయాగ్రహణంలో సుమారు రెండు దశాబ్దాల పాటు ఏలిన డీఎస్ఎల్ఆర్ కెమెరాల స్థానాన్ని ఇప్పుడు మిర్రర్‌లెస్ కెమెరాలు ఆక్రమించాయి. ప్రధాన కంపెనీల కొత్త కెమెరాలు, కొత్త లెన్సులు దాదాపు అన్నీ ఈ విధానంలోనే వస్తున్నందున, పెళ్లి ఫొటోగ్రాఫర్లు మొదలు పత్రికా ఛాయాగ్రాహకుల వరకు ఏదో ఒక రోజు మారక తప్పని పరిస్థితి ఏర్పడింది. కొత్త కెమెరా కొనడం ఒక్క రోజు పని. దాని బటన్లు, డయళ్లు కంటితో వెతకకుండానే వేళ్లకు అందాలంటే మాత్రం కొన్ని వారాల సాధన అవసరం. జీలకర్ర-బెల్లం పెట్టే ఘడియ, తాళి కట్టే క్షణం ఫొటోగ్రాఫర్ కోసం రెండోసారి రావు. కాబట్టి ఏ కెమెరా కొనాలన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ఎప్పుడు, ఏ క్రమంలో మారాలన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం.

అద్దం తొలగితే ఏం మారింది?

డీఎస్ఎల్ఆర్‌లో లెన్సు గుండా వచ్చిన కాంతి ఏటవాలుగా ఉన్న అద్దంపై పడి, పైనున్న పట్టకం ద్వారా కంటికి చేరుతుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేచి, కాంతి సెన్సార్‌పై పడుతుంది. ఆ క్షణంలో వ్యూఫైండర్ చీకటవుతుంది. మిర్రర్‌లెస్‌లో ఈ అద్దం ఉండదు. కాంతి నేరుగా సెన్సార్‌పై పడుతుంది. సెన్సార్ చూస్తున్న దృశ్యమే వ్యూఫైండర్‌లోని చిన్న తెరపై కనిపిస్తుంది.

ఈ మార్పు ఒక్కసారిగా రాలేదు. పానాసోనిక్ 2008లో మైక్రో ఫోర్ థర్డ్స్ విధానంలో జీ1 కెమెరాను తెచ్చింది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్‌తో సోనీ ఏ7, ఏ7ఆర్ కెమెరాలు 2013లో వచ్చాయి. నికాన్ జడ్6, జడ్7, కానన్ ఈఓఎస్ ఆర్ 2018లో విడుదల కావడంతో పెద్ద కంపెనీల దిశ స్పష్టమైంది. అంతర్జాతీయ వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ తన ఫొటో, వీడియో జర్నలిస్టులకు సోనీ కెమెరాలు అందజేయనున్నట్లు 2020లో ప్రకటించింది. పెంటాక్స్ మాత్రం డీఎస్ఎల్ఆర్ విధానాన్ని వదలకుండా 2021లో కే-3 మార్క్ 3ను తీసుకువచ్చింది.

పాత లెన్సులు పనికొస్తాయా?

చాలామంది ఫొటోగ్రాఫర్లకు అసలు పెట్టుబడి కెమెరాలో కాదు, లెన్సుల్లో ఉంటుంది. అద్దానికి చోటు అక్కర్లేకపోవడంతో లెన్సు బిగించే మౌంటుకు, సెన్సార్‌కు మధ్య దూరం బాగా తగ్గింది. నికాన్ 1959 నుంచి వాడుతున్న ఎఫ్ మౌంటులో ఆ దూరం 46.5 మిల్లీమీటర్లు కాగా, జడ్ మౌంటులో 16 మిల్లీమీటర్లే. కానన్ ఈఎఫ్ మౌంటులో 44, ఆర్ఎఫ్ మౌంటులో 20 మిల్లీమీటర్లు. మిగిలిన ఖాళీని అడాప్టర్ భర్తీ చేస్తుంది. అందువల్ల పాత లెన్సును కొత్త కెమెరాకు బిగించవచ్చు. కొత్త లెన్సును పాత కెమెరాకు బిగించడం మాత్రం సాధ్యం కాదు.

కానన్ ఈఎఫ్ లెన్సులు ఆ సంస్థ అడాప్టర్‌తో ఆటోఫోకస్ సహా పనిచేస్తాయి. నికాన్ విషయంలో జాగ్రత్త అవసరం. లెన్సులోనే మోటార్ ఉన్న ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ రకాలకు ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌తో ఆటోఫోకస్ పనిచేస్తుంది. కెమెరాలోని మోటార్‌పై ఆధారపడే పాత ఏఎఫ్, ఏఎఫ్-డీ లెన్సులకు దానితో ఆటోఫోకస్ రాదు. చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. 50 ఎంఎం 1.8డీ వంటి లెన్సు ప్రధాన ఆధారంగా ఉన్నవారు కొనుగోలుకు ముందే దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

వేళ్లు తిరిగి నేర్చుకోవలసినవి

ఒకే కంపెనీలో మారేవారికి మెనూల్లోని పదాలు పరిచితంగానే ఉంటాయి. కంపెనీ కూడా మారితే ఇబ్బంది ఎక్కువ. కెమెరాను ముందు వైపు నుంచి చూసినప్పుడు కానన్, సోనీ లెన్సులను గడియారపు ముల్లు తిరిగే దిశలో బిగించాలి. నికాన్ లెన్సులను దానికి వ్యతిరేక దిశలో బిగించాలి. జూమ్ రింగు తిరిగే వైపు కూడా మారవచ్చు. అపెర్చర్‌కు ప్రాధాన్యమిచ్చే మోడ్‌ను కానన్ 'ఏవీ' అంటే, నికాన్, సోనీ 'ఏ' అంటాయి. షట్టర్ ప్రాధాన్య మోడ్ కానన్‌లో 'టీవీ', మిగిలిన రెండింటిలో 'ఎస్'. కదిలే వస్తువును వెంటాడే ఫోకస్‌కు కానన్‌లో 'సర్వో' అని పేరు, నికాన్, సోనీలలో 'ఏఎఫ్-సీ'.

మొదటి రోజే మెనూ మొత్తం చదవాల్సిన పనిలేదు. అపెర్చర్, షట్టర్ వేగం, ఐఎస్ఓ, ఫోకస్ ప్రాంతం, ఎక్స్‌పోజర్ సవరణ.. ఈ ఐదింటినీ వ్యూఫైండర్ నుంచి కన్ను తీయకుండా మార్చగలిగితే సగం పని పూర్తయినట్లే. చాలా కెమెరాల్లో బటన్లకు ఇష్టమైన పని కేటాయించుకోవచ్చు. పాత కెమెరాలో ఏ వేలితో ఏ పని చేసేవారో, వీలైనంత వరకు కొత్తదానిలోనూ అలాగే అమర్చుకోవడం మేలు. మండపంలో ఒకటి, ఆరుబయట ఒకటి, ఫ్లాష్‌తో ఒకటి చొప్పున అమరికలను భద్రపరచుకునే వీలూ చాలా కెమెరాల్లో ఉంది. కానన్‌లో ఇవి సీ1, సీ2 వంటి పేర్లతోనూ, నికాన్ జడ్6, జడ్7లలో యూ1, యూ2, యూ3 పేర్లతోనూ డయల్‌పై కనిపిస్తాయి.

వ్యూఫైండర్ చెప్పేది, చెప్పనిది

ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో ఫొటో ఎంత వెలుతురుతో రానుందో ముందే కనిపిస్తుంది. ఇది పెద్ద సౌలభ్యం. అయితే స్టూడియోలో ఫ్లాష్ వాడేటప్పుడు ఇదే చిక్కు తెస్తుంది. ఎఫ్/8, 1/200 సెకను, ఐఎస్ఓ 100 వంటి అమరికలో గదిలోని మామూలు వెలుతురు చాలదు కనుక తెర దాదాపు నల్లగా కనిపిస్తుంది. కెమెరా పాడైందని కంగారు పడనక్కర్లేదు. కానన్‌లో 'ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్', సోనీలో 'సెట్టింగ్ ఎఫెక్ట్' అనే అంశాన్ని ఆపివేస్తే దృశ్యం మామూలుగా కనిపిస్తుంది.

చీకటి హాలులో తెర ప్రకాశంగా కనిపించడం మరో భ్రమ కలిగిస్తుంది. ఫొటో సరిగానే వచ్చిందనిపించినా, తర్వాత కంప్యూటర్‌లో చూస్తే వెలుతురు తక్కువగా ఉండవచ్చు. కంటిని కాక హిస్టోగ్రామ్‌ను నమ్మడం శ్రేయస్కరం.

కన్ను పట్టే ఫోకస్, కదలని నియంత్రణ

డీఎస్ఎల్ఆర్‌లో వ్యూఫైండర్ ద్వారా చూసేటప్పుడు ఫోకస్ కోసం వేరే సెన్సార్ ఉండేది. ఫోకస్ బిందువులు చాలావరకు ఫ్రేము మధ్యలోనే ఉండేవి. మిర్రర్‌లెస్‌లో ప్రధాన సెన్సారే ఆ పని చేస్తుంది. కాబట్టి ఫ్రేము అంచుల దాకా ఫోకస్ అందుతుంది. మనిషి కన్నును గుర్తించి వెంటాడే సదుపాయం పోర్ట్రెయిట్లకు ఎంతో ఉపకరిస్తుంది.

అయితే వధూవరులు, పురోహితుడు, బంధువులు అందరూ ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు కెమెరా ఎవరి కన్నును ఎంచుకుంటుందో చెప్పలేం. అక్షతలు చల్లే వేళ ముందుకు వచ్చిన చేతులు ముఖానికి అడ్డం పడతాయి. అటువంటి సమయంలో ముఖ గుర్తింపును వెంటనే ఆపి, ఒక్క బిందువుకు మారేలా ఒక బటన్‌ను కేటాయించుకోవాలి. కొత్త కెమెరాలో ముందుగా నేర్వవలసిన వాటిలో ఇదొకటి.

ఎల్‌ఈడీ వెలుగులో చారలు

ఎలక్ట్రానిక్ షట్టర్‌తో శబ్దం లేకుండా ఫొటో తీయవచ్చు. మంత్రోచ్చారణ సాగుతున్న మండపంలోనూ, సభల్లోనూ ఇది ఆకర్షణీయమే. కానీ చాలా కెమెరాల్లో సెన్సార్ సమాచారాన్ని వరుస తర్వాత వరుసగా చదువుతుంది. ఈలోగా దీపం వెలుగు హెచ్చుతగ్గులకు లోనైతే ఫొటోపై అడ్డచారలు పడతాయి. భారత్‌లో విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్ కావడంతో, దానిని అనుసరించి మిణికే దీపాలు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులకు లోనవుతాయి. షట్టర్ వేగాన్ని 1/50 లేదా 1/100 సెకనుకు ఉంచితే చారలు తగ్గుతాయి. అలంకరణ ఎల్‌ఈడీలు, వేదిక వెనుక ఎల్‌ఈడీ తెరలు వేరే వేగంతో మిణకవచ్చు. అక్కడ మెకానికల్ షట్టర్ వాడటమే సురక్షితం. పైగా చాలా మోడళ్లలో ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఫ్లాష్ వెలగదు.

బ్యాటరీ, కార్డు, ఫైలు

సెన్సార్, తెర నిరంతరం పనిచేయడం వల్ల విద్యుత్ ఖర్చు ఎక్కువ. పరిశ్రమ ప్రామాణిక పరీక్ష ప్రకారం నికాన్ డీ850 ఒక్క బ్యాటరీతో 1,840 ఫొటోలు తీయగలిగితే, జడ్7కు ఆ లెక్క 330 మాత్రమే. వాస్తవ వినియోగంలో, ముఖ్యంగా వరుస ఫొటోలు తీసేటప్పుడు, ఇంతకంటే ఎక్కువే వస్తాయి. అయినా రోజంతా సాగే వేడుకకు అదనపు బ్యాటరీలు తప్పనిసరి. మెమరీ కార్డు రకాన్ని కూడా సరిచూసుకోవాలి. సీఎఫ్ఎక్స్‌ప్రెస్‌లో టైప్ ఏ, టైప్ బీ అనే రెండు పరిమాణాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి మరొకదాని స్థానంలో పట్టదు.

కొత్త కెమెరా రా ఫైళ్లను పాత సాఫ్ట్‌వేర్ తెరవకపోవచ్చు. అడోబీ ఉచితంగా అందించే డీఎన్‌జీ కన్వర్టర్ అటువంటప్పుడు తాత్కాలిక పరిష్కారం. ఇక అద్దం లేనందున లెన్సు తీసినప్పుడు చాలా మోడళ్లలో సెన్సార్ నేరుగా బయటపడుతుంది. దుమ్ములో లెన్సు మార్చేటప్పుడు కెమెరా ముఖాన్ని కిందికి వంచి ఉంచాలి.

ఎప్పుడు మారాలి?

ముహూర్తాల రద్దీ మధ్యలో మారడం ప్రమాదకరం. తెలుగు రాష్ట్రాల్లో సాధారణంగా పెళ్లిళ్లు జరగని ఆషాఢ మాసం, మూఢం రోజులు సాధనకు అనువైనవి. మొదటి వారం ఇంట్లోనే, ఆ తర్వాత వీధుల్లో, సంతల్లో ఫొటోలు తీస్తూ చేతికి అలవాటు చేసుకోవచ్చు. సాయంత్రం దీపాలార్పి, చీకట్లో ఐఎస్ఓ, ఫోకస్ ప్రాంతం మార్చగలుగుతున్నారో లేదో పరీక్షించుకోవాలి.

మొదటి వేడుకకు పాత కెమెరానే ప్రధానంగా ఉంచి, కొత్తదాన్ని రెండోదిగా వాడటం మంచిది. రెండింటి గడియారాలను ఒకే సమయానికి సరిచేస్తే ఫొటోలు వరుస తప్పకుండా చేరతాయి. కొత్త కెమెరాతో కనీసం ఒక పూర్తి వేడుకను తడబాటు లేకుండా చిత్రీకరించే వరకు పాతదాన్ని అమ్మకపోవడమే వివేకం.