పచ్చి మొలకలు: ఒక హెచ్చరికకు వ్యాఖ్యానం

"పిల్లలు, గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పచ్చి మొలకలు తినరాదు, ఉడికించినవే తినాలి." అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఏళ్లుగా చెబుతున్న మాటల సారాంశం ఇది. పార్కుల దగ్గర పొద్దున్నే కప్పుల్లో పెసర మొలకలు కొనుక్కుతినే మనం దీన్ని మాటమాటకూ ఆగి చదువుకోవాలి.

మొలకలు: పెసలు, శనగలు, మెంతులు, ఏవైనా సరే. కీడు గింజతోనే వస్తుంది. పొలంలో పచ్చి పేడ, మురికినీరు, గోదాములో ఎలుకలు, పిట్టల రెట్టలు. వీటి నుంచి సాల్మొనెల్లా, ఈ.కోలై బ్యాక్టీరియాలు గింజకు అంటుకుని, అది ఎండినా నెలల తరబడి బతికుంటాయి. నానబోసి, తడిగుడ్డలో మూటగట్టి వెచ్చగా ఉంచితే గింజతోపాటు అవీ మేల్కొంటాయి. రెండు మూడు రోజుల్లో వేల రెట్లు పెరగగలవు. అయినా మొలక రంగు మారదు, వాసనా రాదు.

2011లో జర్మనీలో ఈ.కోలై విజృంభించినప్పుడు మొదట స్పెయిన్ దోసకాయలను నిందించారు. చివరికి తేలింది మొలకలని. ఈజిప్టు నుంచి వచ్చిన మెంతులే మూలమై ఉండాలని దర్యాప్తు చెప్పింది. దాదాపు 4 వేల మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. తర్వాత ఆ మెంతులను పరీక్షిస్తే బ్యాక్టీరియా దొరకలేదు. పరీక్షకూ చిక్కనిది మన కంటికి కనబడుతుందా?

పచ్చి: నాలుగు నీళ్లతో కడిగినా గింజ పగుళ్లలో దాగినవి పోవు. నిమ్మరసం, ఉప్పు వాటిని చంపుతాయని నమ్మకూడదు. ఫ్రిజ్ పెరుగుదలను తగ్గిస్తుంది, అంతే. "ఇంట్లో మేమే మొలకెత్తించుకున్నాం" అన్న ధీమా కూడా చెల్లదు. గింజ బజారుదే కదా.

పిల్లలు, గర్భిణులు, వృద్ధులు: 1996లో జపాన్‌లోని సకాయ్ నగరంలో వేలమంది బడిపిల్లలు ఈ.కోలైతో మంచానపడ్డారు. అధికారులు ముఖ్యంగా అనుమానించింది ముల్లంగి మొలకలనే. ఈ బ్యాక్టీరియా విషం వల్ల ఎర్రరక్తకణాలు నాశనమై, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అయితే ఈ జాబితా చూసి మిగతావాళ్లు నిశ్చింతగా ఉండకూడదని నా అభిప్రాయం. జర్మనీలో మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఎక్కువమంది వయోజనులైన స్త్రీలే.

రోగనిరోధక శక్తి తగ్గినవారు: కీమోథెరపీ చేయించుకుంటున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు. వీరికి మినహాయింపే లేదు.

ఉడికించినవే: పోపులో ఒక తిప్పు తిప్పి దించడం కాదు. లోపలిదాకా పొగలు కక్కేలా, గుగ్గిళ్లలా ఉడకాలి. విటమిన్ సి కొంత పోతుంది. మాంసకృత్తులూ పీచూ ఎక్కడికీ పోవు. మొలకెత్తిన రాగుల పిండినీ జావగా బాగా మరిగించాకే తాగాలి.

బలమని చంటిపిల్లలకు, కడుపుతో ఉన్న కోడలికి పచ్చి మొలకలు పెడుతున్న అమ్మలారా, రేపటి నుంచి ఉడికించి పెట్టండి. తిన్నాక ఎవరికైనా విరేచనాల్లో రక్తం పడినా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.